స్తంభాలు కనిపిస్తే ఊరొచ్చినట్టే

ఉత్తర సముద్రం అంచున ఒకటి, ఆకుల కంచె పక్కన ఒకటి, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ కింద ఒకటి... స్కాట్లాండ్ చిన్న ఊళ్ల ఫుట్‌బాల్ మైదానాలను వెతుక్కుంటూ మోటర్‌హోమ్‌లో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు చేసిన తొమ్మిది రోజుల ప్రయాణం ఇది.

"ఇక్కడే ఎక్కడో ఉండాలి మావయ్యా" అంటూ మా మేనల్లుడు బండి నెమ్మది చేశాడు.

అద్దం ముందు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. స్కాట్లాండ్ తూర్పు తీరంలో సముద్రం మీంచి వచ్చే ఈ మంచును ‘హార్’ అంటారు. చూస్తుండగానే ఊరిని కప్పేస్తుంది. కుడివైపు అలల చప్పుడు వినిపిస్తోంది గానీ సముద్రం కనిపించడం లేదు. అంతలో ఆ తెలుపులోంచి ఒక ఇనుప స్తంభం బయటపడింది. దాని వెనక ఇంకోటి. వాటి తలలు ఇంకా మంచులోనే ఉన్నాయి. పాదాల దగ్గర ఒక గోడ, గోడ అవతల బండరాళ్లు, వాటి అవతల ఉత్తర సముద్రం.

అదే గేఫీల్డ్ పార్క్. ఆర్‌బ్రోత్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ సొంతిల్లు. సముద్రం పోటెక్కినప్పుడు నీళ్లు చేరే గీతకూ ఈ మైదానానికీ మధ్య ఎడం సుమారు ఐదు మీటర్లే. గాలి గట్టిగా వీచే రోజున అలల తుంపర గోడ దాటి ఆటగాళ్ల మీద పడుతుంది.

ఆ రోజు ఆట లేదు. గేటుకు తాళం ఉంది. ఇద్దరం గోడ వెంట నడిచాం. ఒకచోట ఇనుప చువ్వల సందులోంచి పచ్చిక కనిపించింది. ఒక గోల్‌పోస్టు దగ్గరగా ఉంది. రెండోది మంచులో కలిసిపోయింది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. పచ్చికను చూస్తే దాని వెనక ఎన్ని చేతులు పడ్డాయో నాకు తెలుస్తుంది. ఉప్పు గాలి కొట్టే చోట మైదానాన్ని నిలబెట్టుకోవడం మాటలు కాదు. పాతిక వేల మంది కూడా లేని ఊరు ఆ పని 1880 నుంచి చేస్తోంది. 1925లో మైదానాన్ని కొద్దిగా జరిపారు తప్ప సముద్రాన్ని వదల్లేదు. ఎందుకు, ఎలా అన్నదే ఆ తర్వాత దారి పొడవునా మా ఇద్దరి మాట.

మ్యాపు చూడకూడదు

ఇలా మైదానాల కోసం ఊళ్లు తిరిగే అలవాటుకు బ్రిటన్‌లో ‘గ్రౌండ్‌హాపింగ్’ అని పేరు. కొత్త కొత్త మైదానాలకు వెళ్లి అక్కడ ఆట చూసి పుస్తకంలో రాసుకుంటారు. ఇంగ్లండ్, వేల్స్‌ లీగుల్లోని 92 క్లబ్బుల మైదానాలనూ చుట్టినవాళ్ల కోసం 1978లో ఒక సంఘమే పుట్టింది. దాని పేరూ ‘నైంటీటూ క్లబ్’. స్కాట్లాండ్ జాతీయ లీగులో 42 క్లబ్బులున్నాయి. వాటి కింద హైలాండ్ లీగు, లోలాండ్ లీగు, వాటి కింద ఇంకా చిన్న లీగులు. మన లెక్కలో పెద్ద పంచాయతీ అనిపించే ఊరికి కూడా ఒక జట్టు, ఒక గేటు, ఒక చిన్న స్టాండు ఉంటాయి.

ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడిది ఇందులోనే ఒక పాయ. ఆట ఉన్నా లేకున్నా, మైదానాన్ని దూరం నుంచి తనే కనిపెట్టాలి. అందుకు మూడు నియమాలు పెట్టుకున్నాడు. ఊరి పొలిమేర దాటాక ఫోన్లో మ్యాపు చూడకూడదు. ఫ్లడ్‌లైట్ల స్తంభాలను పట్టుకునే వెళ్లాలి. తాళం ఉంటే గోడ ఎక్కకూడదు, గేటు తీసి ఉంటే అడిగి లోపలికి వెళ్లాలి.

మన దగ్గర బస్సులో వస్తుంటే ఊరు దగ్గరపడిందని నీళ్ల ట్యాంకు చెబుతుంది, రైసుమిల్లు పొగగొట్టం చెబుతుంది. అక్కడ ఆ పని ఈ స్తంభాలది. ఫోన్లు లేని కాలంలో పొరుగూరి నుంచి ఆట చూడవచ్చిన అభిమానులు రైలు దిగి, తలెత్తి చూసి, స్తంభాలున్న వైపు నడిచేవారు. దారి అడగాల్సిన పని ఉండేది కాదు.

ఇక బండి సంగతి. ‘కారవాన్’ అంటే మనకు షూటింగుల దగ్గర సినిమావాళ్లు సేదతీరే పెద్ద వాహనం గుర్తొస్తుంది. మేం అద్దెకు తీసుకున్నది అంత ఆడంబరమైనది కాదు. ఏడు మీటర్ల వ్యాను. డ్రైవరు నెత్తి మీద ఒక పడక, వెనక ఇంకో పడక, మధ్యలో రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు, మనిషి పట్టేంత స్నానాల గది. వాడిన నీళ్లు అడుగున ఒక ట్యాంకులో చేరతాయి. వాటిని క్యాంపు స్థలాల్లో చూపించిన చోటే వదలాలి. పొద్దున్నే ఆవాలు చిటపటలాడించి ఉప్మా చేసుకుని, కిటికీలోంచి ఎవరిదో ఊరి మైదానం చూస్తూ తినడం ఎంత బాగుంటుందో అనుభవిస్తే తెలుస్తుంది. రైల్లో వెళితే మైదానాన్ని చూసి వచ్చేస్తాం. ఈ బండిలో వెళితే దాని పక్కన కాసేపు ఉంటాం.

రెండు దేశాల మధ్య ఒక జట్టు

ముందు దక్షిణంగా బెరిక్ వెళ్లాం. ట్వీడ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరు మధ్యయుగాల్లో స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల మధ్య పలుసార్లు చేతులు మారింది. 1482 నుంచి ఇంగ్లండ్‌దే. అయినా ఊరి జట్టు బెరిక్ రేంజర్స్ ఆడేది స్కాట్లాండ్ పోటీల్లో. గీత ఎక్కడ గీసినా ఆటకు దగ్గరి చుట్టాలు ఎవరో ఆ ఊరే తేల్చుకుంది.

వాళ్ల షీల్‌ఫీల్డ్ పార్క్‌లో పచ్చిక చుట్టూ మోటార్‌సైకిల్ పందేల బాట ఉంది. అందుకే ప్రేక్షకుడికీ ఆటకీ మధ్య కొంచెం దూరం. 1967 జనవరి 28న ఈ మైదానంలోనే బెరిక్ జట్టు స్కాటిష్ కప్‌లో గ్లాస్గో రేంజర్స్‌ను 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది శామీ రీడ్. బెరిక్ గోల్‌కీపరు, మేనేజరు ఒకరే, జాక్ వాలెస్. ఆయనే తర్వాత ఆ గ్లాస్గో రేంజర్స్‌కు మేనేజరయ్యాడు. 2019లో బెరిక్ జాతీయ లీగు నుంచి కిందికి జారింది. మేం వెళ్లిన సాయంత్రం గేటు దగ్గర ఒక ఇల్లాలు కుక్కతో నడుస్తూ కనిపించింది. మైదానం చూడటానికి వచ్చామంటే ఆమె ఆశ్చర్యపోలేదు. శామీ రీడ్ గోల్ ఏ వైపు పడిందో తనకు తెలిసిన మేరకు చేత్తో చూపించింది. అరవై ఏళ్ల కిందటి గోల్‌కు ఊళ్లో ఇంకా చిరునామా ఉంది.

డండీ దాకా వచ్చిన గోనెనార

మర్నాడు ఉత్తరానికి మళ్లి ఫోర్త్ వంతెన దాటి డండీ చేరాం. డండీ చిన్న ఊరు కాదు. అయినా అక్కడ ఆగకుండా వెళ్లడం నా వల్ల కాలేదు. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశారు. సైరన్ మోతే మా ఇంటి గడియారం. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచపు జనపనార రాజధాని ఈ డండీయే. బెంగాల్లో పండిన నార ఓడల్లో ఇక్కడికి వచ్చి గోనెగుడ్డ అయ్యేది. తర్వాత హుగ్లీ ఒడ్డున మిల్లులు లేచినప్పుడు యంత్రాలూ మేనేజర్లూ ఇక్కణ్నుంచే కలకత్తా వెళ్లారు. పాత మిల్లుల్లో ఒకటైన వెర్డంట్ వర్క్స్ ఇప్పుడు మ్యూజియం. అందులో మగ్గాల ముందు నిలబడితే ముక్కుకు మా నాన్న చొక్కా వాసన తగిలింది.

ఆ మిల్లు కార్మికుల ఊళ్లోనే రెండు పెద్ద మైదానాలు ఒకే వీధిలో ఉన్నాయి. డండీ క్లబ్‌ది డెన్స్ పార్క్, డండీ యునైటెడ్‌ది టానడైస్. బ్రిటన్‌లో ఇంత దగ్గరగా ఉన్న లీగు మైదానాలు ఇంకెక్కడా లేవు. వీధి మధ్యలో నిలబడితే అటు ఒక జట్టు స్తంభాలు, ఇటు ఇంకో జట్టు స్తంభాలు. వారమంతా మిల్లులో పక్కపక్కన నిలబడి పనిచేసినవాళ్లు శనివారం మధ్యాహ్నం చెరో గేటులోంచి వెళ్లేవాళ్లన్నమాట.

నాలుగు ఊళ్లు, నాలుగు గేట్లు

అసలు వేట డండీ దాటాక మొదలైంది. యాంగస్ అనే ఆ ప్రాంతంలో ఆర్‌బ్రోత్, మాంట్రోజ్, బ్రీకిన్, ఫోర్ఫర్ అని నాలుగు ఊళ్లు. ఒక దాన్నుంచి ఇంకో దానికి అన్నిటినీ చుట్టి వస్తే సుమారు 80 కిలోమీటర్లు. నాలుగు ఊళ్ల జనాభా కలిపినా 60 వేలు దాటదు. మా విజయనగరంలో మూడో వంతు కూడా కాదు. అలాంటి నాలుగు ఊళ్లకూ నాలుగు సొంత క్లబ్బులు. మాంట్రోజ్ 1879లో, ఆర్‌బ్రోత్ 1878లో, ఫోర్ఫర్ 1885లో, బ్రీకిన్ 1906లో పుట్టాయి. 2021 దాకా నాలుగూ జాతీయ లీగులోనే ఆడాయి.

ఆర్‌బ్రోత్ జట్టు ముద్దుపేరు ‘రెడ్ లిక్టీస్’. చేపల పడవలకు రేవు దారి చూపిన ఎర్ర దీపం గుర్తుగా వచ్చిన పేరు అది. ఆ ఊరి పేరు ఫుట్‌బాల్ లోకమంతా తెలియడానికి మాత్రం కారణం 1885 సెప్టెంబరు 12. ఆ రోజు స్కాటిష్ కప్ ఆటలో ఆర్‌బ్రోత్, అబర్డీన్ నుంచి వచ్చిన బాన్ అకార్డ్ జట్టు మీద 36-0తో గెలిచింది. జాన్ పెట్రీ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. బ్రిటన్ సీనియర్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ అదే రికార్డు. అప్పటికి గోల్‌పోస్టుకు వల కట్టే పద్ధతి రాలేదు. కొట్టిన ప్రతిసారీ బంతి వెనక పరుగెత్తి తెచ్చుకోవాల్సిందే. ఇక్కడ ఇంకో విశేషం ఉంది. అదే రోజు డండీలో డండీ హార్ప్ జట్టు ఇంకో అబర్డీన్ జట్టు మీద 35 గోల్స్ కొట్టింది. ఒక్క గోల్ తేడాతో పేరు ఆర్‌బ్రోత్‌కు దక్కింది.

ఆ పాత కథ మీదే బతికే ఊరు కాదది. 2021-22లో ఆర్‌బ్రోత్ ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే రెండో అంచె లీగులో రెండో స్థానంలో నిలిచారు. శిక్షకుడు డిక్ క్యాంబెల్, సహాయకుడు ఆయన కవల సోదరుడు ఇయాన్. పై అంచెకు వెళ్లే అవకాశం ప్లేఆఫ్‌లో పెనాల్టీల దగ్గర చేజారింది. మంచులో గేఫీల్డ్ చూసిన రోజు సాయంత్రం మేం రేవు దగ్గర పొగచేపలు కొనుక్కున్నాం. హాడక్ చేపలను జతగా తోకలకు దారం కట్టి కట్టె పొగ మీద వేలాడదీసి ఉడికిస్తారు. ‘ఆర్‌బ్రోత్ స్మోకీ’కి 2004 నుంచి ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది. వేడి అన్నం, చింతకాయ పచ్చడితో ఆ చేప తిన్నాక భీమిలి తీరంలో పెరిగిన మా అమ్మ గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున మాంట్రోజ్. వీధి వైపు మొహం కాకుండా పక్క గోడను పెట్టి కట్టిన ఇళ్ల వల్ల ఈ ఊరివాళ్లకు ‘గేబుల్ ఎండీస్’ అని పేరు పడింది. జట్టుకూ అదే పేరు. ఊరి వెనక పెద్ద ఉప్పునీటి మడుగు ఉంది. సెప్టెంబరు నుంచి ఆర్కిటిక్ వైపు నుంచి గులాబీ కాళ్ల బాతులు వేలాదిగా అక్కడికి దిగుతాయి. స్తంభాల కోసం తలెత్తి చూస్తుంటే వాటి మీదుగా బాతుల బారు ఒకటి సాగిపోయింది. మైదానం పేరు లింక్స్ పార్క్. 2007 నుంచి అక్కడ కృత్రిమ పచ్చిక. మొదట నాకు మనసొప్పలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నిజం గడ్డి వారానికి ఒక ఆటకే అలిసిపోతుంది. కృత్రిమ పచ్చిక మీద ఊరి పిల్లలు, ఆడపిల్లల జట్లు, పెద్దవాళ్లు రోజూ ఆడుకోవచ్చు. పిల్లల కాళ్లు పడని గ్రౌండు ఎంత అందంగా ఉన్నా డ్రిల్లు మాస్టారికి నచ్చదు.

బ్రీకిన్‌లో స్తంభాల కన్నా ముందు కంచె కనిపించింది. గ్లీబ్ పార్క్ మైదానానికి ఒకవైపు సిమెంటు గోడ లేదు. ఎత్తుగా, దట్టంగా పెరిగిన పచ్చని ఆకుల కంచె ఉంది. ఒకవైపు ఇలా కంచే హద్దుగా ఉన్నందుకు ఈ మైదానానికి ఐరోపా అంతటా పేరు. మేం వెళ్లేసరికి ఒక పెద్దాయన నిచ్చెన వేసుకుని కత్తిరిస్తున్నాడు. గేటు తెరిచే ఉంది. అడిగి లోపలికి వెళ్లాం. జీతానికి చేస్తున్నారా అని అడిగాను. కాదని తల ఊపాడు. రిటైరయ్యానని, కంచె పని తన వంతని చెప్పాడు. తుక్కును గోనెసంచుల్లోకి ఎత్తుతుంటే మేమూ ఓ చెయ్యి వేశాం.

ఏడు వేల మంది ఉన్న బ్రీకిన్‌కు క్యాథడ్రల్ ఉంది, దాని పక్కన వెయ్యేళ్ల నాటి గుండ్రటి రాతి బురుజు ఉంది. అలాంటి బురుజులు స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలో రెండే మిగిలాయి. ఆ బురుజు కింద నిలబడి మా వాడు అన్న మాట నాకు నచ్చింది. "2021లో వీళ్లు జాతీయ లీగు నుంచి హైలాండ్ లీగులోకి పడిపోయారు మావయ్యా. కంచె కత్తిరించడం మాత్రం ఒక్క వారం కూడా ఆపి ఉండరు."

శనివారం మూడు గంటలు

బ్రిటన్‌లో ఫుట్‌బాల్‌కు ముహూర్తం శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. ఆ శనివారం మేం ఫోర్ఫర్‌లో ఉన్నాం. మైదానం పేరు స్టేషన్ పార్క్. స్టేషన్ మాత్రం లేదు. 1967లో ఈ ఊరికి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. రైలు పోయినా దాని పేరును మైదానం దాచిపెట్టుకుంది.

పొద్దున పదింటికే బండి దగ్గరలో నిలిపి చూస్తూ కూర్చున్నాం. ముందు ఒక మనిషి వలల మూటతో వచ్చాడు. తాళ్లు లాగి గోల్‌పోస్టులకు వలలు కట్టి, మోకాలి మీద వంగి ఒక కన్ను మూసి సరిచూసుకున్నాడు. సున్నం డబ్బాతో గీతలు వేసేటప్పుడు ముప్పై ఏళ్లు నేనూ అలాగే వంగి చూసేవాణ్ణి. తర్వాత వంటగది మనుషులు వచ్చారు. గేట్ల దగ్గర టికెట్లు ఇచ్చేవాళ్లు, బంతులు అందించే పిల్లలు వచ్చారు. రెండున్నరకు జనం. కొన్ని వందల మంది ఉంటారు. తాతలు మనవళ్లను తెచ్చారు. ప్రతివాళ్లకూ నిలబడే చోటు ముందే తెలుసు.

ఇక్కడి తిండి ‘ఫోర్ఫర్ బ్రైడీ’. లోపల గొడ్డుమాంసం కైమా పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచులు నొక్కి కాలుస్తారు. చూడటానికి అచ్చం మన కజ్జికాయ. పైన ఒక చిల్లు ఉంటే ఉల్లిపాయ లేనిది, రెండు చిల్లులుంటే ఉల్లిపాయ వేసినది. మా వాడు రెండు చిల్లులది తిన్నాడు. నేను మాకరోనీ పై తీసుకున్నాను. సగం ఆటకు విరామం వచ్చినప్పుడు పక్కాయన మాకు ఆ ఊరి ప్రసిద్ధ నాలుక మడత నేర్పాడు: ‘ఈస్ట్ ఫైఫ్ ఫోర్, ఫోర్ఫర్ ఫైవ్’. రేడియోలో శనివారం సాయంత్రం ఫలితాలు చదివేవాళ్ల నోరు ఎప్పటికైనా తడబడాలని దశాబ్దాలుగా జనం ఎదురుచూసిన స్కోరు అది. 2018 జూలైలో లీగ్ కప్ ఆట 1-1తో ముగిసి పెనాల్టీల్లో సరిగ్గా 5-4గా తేలింది. ఆయన అది చెబుతుంటే ముఖం వెలిగిపోయింది.

మేం చూసిన ఆటలో గొప్ప గోల్స్ లేవు. అయినా చివరి ఈల దాకా ఎవరూ కదల్లేదు. ఆ సాయంత్రం స్తంభాల మీది దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోతుంటే వ్యాను మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ నేను లెక్క వేశాను. వలలు కట్టినవాడు, గేట్ల దగ్గరివాళ్లు, వంటగదివాళ్లు, జెండాలు పాతినవాళ్లు, చెత్త ఎత్తినవాళ్లు... మైదానంలో ఆడినవాళ్ల కన్నా మైదానాన్ని ఆడించినవాళ్లే ఎక్కువ.

మర్నాడు దగ్గరలోని కిరీమ్యూర్ వెళ్లాం. ‘పీటర్ పాన్’ సృష్టికర్త జె.ఎం.బారీ పుట్టిన ఊరు. పేరొచ్చాక ఆయన 1930లో తన ఊరికి ఇచ్చింది ఒక క్రికెట్ పెవిలియన్. ఒక రచయిత సొంతూరికి ఏమివ్వాలా అని ఆలోచించి ఆటస్థలాన్నే ఎంచుకున్నాడు.

సీట్లు ఎక్కువ, మనుషులు తక్కువ

ఇన్వర్‌నెస్ దాటాక కొండలూ, సముద్రమూ, గొర్రెలూ. అడపాదడపా ఒక ఊరు. 1893లో మొదలైన హైలాండ్ లీగు రాజ్యం ఇది. డింగ్‌వాల్‌లో స్తంభాలను కనిపెట్టడానికి కష్టపడనక్కర్లేదు. ఊరి కన్నా మైదానమే పెద్దగా కనిపిస్తుంది. ఐదున్నర వేల జనాభా ఉన్న ఊళ్లో ఆరున్నర వేల సీట్ల స్టేడియం. ఇక్కడి రాస్ కౌంటీ 1994లో హైలాండ్ లీగు నుంచి జాతీయ లీగులోకి వచ్చి, 2012లో అత్యున్నత అంచెకు ఎక్కి, 2016లో లీగ్ కప్ గెలిచింది.

బ్రోరా ఇంకా చిన్నది. పన్నెండు వందల పైచిలుకు మనుషులు. 2021 మార్చి 23న బ్రోరా రేంజర్స్ తమ డడ్జియన్ పార్క్‌లో ఎడిన్‌బరో పెద్ద క్లబ్ హార్ట్స్‌ను స్కాటిష్ కప్‌లో 2-1తో ఓడించింది. ఊరి చరిత్రలోనే పెద్ద గెలుపు. కానీ అది కొవిడ్ కాలం. ప్రేక్షకులకు అనుమతి లేదు. ఖాళీ మెట్ల ముందు ఆ గోల్స్ పడ్డాయి. నూటపాతికేళ్లకు పైగా ఎదురుచూసిన రోజు వచ్చేసరికి లోపలికి వెళ్లే వీల్లేకపోయిన ఆ ఊరివాళ్లను తలచుకుని గేటు దగ్గర కాసేపు మౌనంగా నిలబడ్డాం.

చిట్టచివర విక్. ఒకప్పుడు హెర్రింగ్ చేపల వ్యాపారంలో ఐరోపాలోనే మేటి రేవు. జట్టు పేరు విక్ అకాడమీ, ముద్దుపేరు ‘స్కోరీస్’. అంటే సముద్రపు కాకుల పిల్లలు. హార్మ్స్‌వర్త్ పార్క్ మీద అవి ఎగురుతూనే ఉన్నాయి. ఇక్కడి ఆటగాళ్లు బయటి ఊళ్లో ఆటంటే బస్సులో వందల కిలోమీటర్లు వెళ్లి, ఆడి, రాత్రికి తిరిగొచ్చి సోమవారం పొద్దున పనిలో ఉంటారు.

తిరుగు దారిలో మా వాడు అడిగాడు: "మనకి ఫుట్‌బాల్ ఎప్పుడూ లేదా మావయ్యా?"

ఎందుకు లేదు! 1888లో సిమ్లాలో మొదటి డ్యూరాండ్ కప్ ఫైనల్ ఆడినవి రెండూ స్కాట్లాండ్ పటాలాలే. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్, హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ మీద గెలిచింది. ఆ కప్పునే 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎగరేసుకొచ్చింది. రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. గొప్ప జట్టు మనకూ పుట్టింది. మనకు తక్కువైంది వారం వారం తెరుచుకునే చిన్న గేట్లు.

ఓడినా గేటు తెరిచిన ఊరు

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది ఫోర్ట్ విలియం. 1,345 మీటర్ల బెన్ నెవిస్ కొండ పాదాల దగ్గర క్లాగన్ పార్క్ ఉంది. స్తంభాల కోసం చూస్తే కళ్లు కొండ మీదికే పోతాయి. ఇంత అందమైన చోట ఆడే జట్టు 2018-19 సీజన్లో ఒక్క ఆటా గెలవలేదు. 34 ఆటల్లో 32 ఓటములు, రెండు డ్రాలు. అర్హత లేని ఆటగాణ్ణి దింపినందుకు పాయింట్లు కోసేయడంతో సున్నా కన్నా కిందికి దిగి, మైనస్ 7తో సీజన్ ముగించింది. 245 గోల్స్ ఇచ్చుకుంది.

ఆ సీజన్లో కూడా శనివారం శనివారం గీతలు పడ్డాయి. గేటు తెరుచుకుంది. పదకొండు మంది బరిలోకి దిగారు. 2019 వేసవిలో ఎట్టకేలకు ఒక గెలుపు దక్కింది. 2022లో జట్టు ఇంకో అంచె కిందికి జారింది. మైదానం మాత్రం అక్కడే ఉంది. ఆ గేటు దగ్గర నిలబడితే గేఫీల్డ్ గోడ దగ్గర పుట్టిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఈ ఊళ్లు మైదానాన్ని గెలుపు కోసం అట్టేపెట్టుకుంటే అది ఎప్పుడో పోయేది. గెలుపు ఏ పదేళ్లకో ఒకసారి వచ్చే చుట్టం. మైదానం ఇంట్లో మనిషి. చుట్టం రాలేదని ఇంట్లో మనిషిని ఎవరైనా పంపించేస్తారా?

మీరూ వెళ్లాలనుకుంటే...

- అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. భారత లైసెన్సుతో సందర్శకులు 12 నెలల దాకా 3.5 టన్నుల లోపు బండి నడపవచ్చు. అద్దెకిచ్చేవాళ్లు వయసు, అనుభవం గురించి విడిగా షరతులు పెడతారు. ముందే కనుక్కోండి.
- స్కాట్లాండ్‌లో ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కు 2003 చట్టం ఇచ్చింది. అది నడిచేవాళ్లకూ సైకిళ్లకూ, మోటారు బండికి కాదు. రాత్రి బస క్యాంపు స్థలాల్లోనో, అనుమతి ఉన్న చోటో.
- చాలా కార్ పార్కుల గేటు మీద ఎత్తును అడ్డుకునే కమ్మీ ఉంటుంది. మోటర్‌హోమ్ దూరదు. ముందే చూసుకోవాలి.
- హైలాండ్స్‌లో ఒక బండి పట్టే రోడ్లుంటాయి. పక్కన వెడల్పు చేసిన చోట్లు ఎదుటివారికి దారి ఇవ్వడానికే. అక్కడ బండి నిలపకూడదు.
- ఆటల కాలం ప్రధానంగా ఆగస్టు నుంచి మే దాకా. శనివారాన్ని ఒక చిన్న ఊరికి అట్టేపెట్టండి. టికెట్ అక్కడి గేటు దగ్గరే కొనవచ్చు.

సున్నం గీత

ఇంటికి వచ్చి ఇప్పటికి కొన్ని నెలలు. విశాఖ నుంచి విజయనగరం రైల్లో వస్తుంటే నాకిప్పుడు కొత్త అలవాటు. గోల్‌పోస్టులు లెక్కపెడుతున్నాను. వెదురు కర్రలవి, రెండు ఇటుకలవి, గోడ మీద బొగ్గుతో గీసినవి. స్తంభాలు లేవు, కంచెలు లేవు. ఆడే పిల్లలు మాత్రం ఉన్నారు.

నేను పనిచేసిన బడి గ్రౌండు సగానికి తగ్గింది. గదులు కావాల్సి వచ్చి కట్టారు, ఎవరినీ తప్పుపట్టను. మిగిలిన సగంలో తుమ్మ మొక్కలు మొలిచాయి. పోయిన నెల నా పాత శిష్యులు నలుగురికి ఫోన్ చేశాను. ఒకడు కొడవళ్లు తెచ్చాడు, ఒకడు సున్నం బస్తా. ఆదివారం పొద్దున్నే తుమ్మలు కొట్టి, తాడు లాగి, మోకాలి మీద వంగి, ఒక కన్ను మూసి పెనాల్టీ గీత సరిచూశాను. నా మోకాళ్లు ఒప్పుకోలేదు గానీ గీత తిన్నగానే వచ్చింది.

ఇంకా గీత ఆరకముందే గోడ అవతలి నుంచి ఇద్దరు పిల్లలు తొంగిచూశారు. "ఆడుకోవచ్చా మాస్టారూ?" అని అడిగారు.

గేటు తీసే ఉందని చెప్పాను.